కెమెరా వెళ్ళని గది

మా పక్క క్వార్టర్లో ఉండే మాస్టారు పోయిన సోమవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూశారు.

పదేళ్ళ కిందట టీవీలో ఆదివారాలు వచ్చిన హిందీ అంతరిక్ష సీరియల్‌ని తెలుగు నవలగా రాసి, మన తెలుగు సంఘం పత్రికలో నెలనెలా ఇచ్చింది ఆయనే. రాయపూర్‌లో ఇన్నేళ్ళున్నా హిందీ పట్టుబడని మా అత్తగారిలాంటి వాళ్ళ కోసం మొదలుపెట్టారు. అచ్చుకి ఇచ్చే ముందు ప్రతి భాగం మా వరండాలో చదివి వినిపించేవారు.

"మాస్టారూ, మీ రాకెట్టుకి బిలాస్‌పూర్‌లో హాల్టుందా?" అని ఎదురింటి రైలు గార్డుగారి భార్య ఏడిపించేది.

"ఇంకా బయల్దేరితే కదమ్మా! మీ ఆయన పచ్చజెండా ఊపడం మర్చిపోయాడు" అనేవారు.

టీవీలో చూసిందే మళ్ళీ రాయడం ఆయనకి నచ్చదు. "కెమెరా గుమ్మం దగ్గర ఆగిపోతుంది. నవల గదిలోకి వెళ్ళాలి. కానీ జరిగినదాన్ని మార్చకూడదు. సీరియల్ చూసినవాళ్ళు ఈ వ్యోమగామిని గుర్తుపట్టాలి, చూడనివాళ్ళకి ఆ లోటు తెలియకూడదు" అనేవారు. యంత్రాల పేర్లు తక్కువ రాసేవారు. వ్యోమగామికి దాహం వేస్తే నీళ్ళెలా తాగాడో మాత్రం వదిలేవారు కాదు.

ఆ ఏడే మావారు ఉర్లా ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు పేలి చనిపోయారు. మాకు ముఖం కూడా చూపించలేదు. "క్షణంలో పోయాడు, నొప్పి తెలియలేదు" అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. మా అత్తగారు ఏడవలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. కొద్ది వారాలకే సీరియల్‌లో ఆ వ్యోమగామి నౌక తిరుగుదారిలో చెడిపోయింది. అతని మాటలు ఆగిపోయాయి, తెర నల్లబడింది, కథ అయిపోయింది.

"పుస్తకంలో తిరిగొస్తాడు కదా బాబూ?" అని మా అత్తగారు మాస్టార్ని అడిగారు.

నేను గేటు దాకా వెళ్ళి బతిమాలాను. "రాసేది మీరేగా మాస్టారూ. ఆవిడ కోసం తెచ్చెయ్యండి. ఆ అబద్ధం పాపం నాకు తగలనీండి."

"అబద్ధమైతే ఆవిడకి తెలిసిపోతుందమ్మా" అన్నారు. నాకు ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఆఖరి భాగం ఆ మనిషి చివరి గంట. గాలి తగ్గుతోంది. చేతులు చల్లబడితే చంకల్లో పెట్టుకున్నాడు. ఇంట్లో అన్నాల వేళయి ఉంటుందనుకున్నాడు. "భయపడ్డాడు. అమ్మా అన్నాడు. ఎవరికీ వినపడలేదు" అని చదివి మాస్టారు కాగితాలు కింద పెట్టారు. గార్డుగారి భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా అత్తగారు ఆ కాగితాల మీద చెయ్యి పెట్టారు. "నువ్వొక్కడివే నిజం చెప్పేవు బాబూ. నొప్పి తెలీదంట! నా కొడుక్కి తెలీదా?" అని గోడకి తల ఆన్చి బావురుమన్నారు. కొడుకు పోయాక అదే మొదటి ఏడుపు. ఆ సాయంత్రం నా చేత్తో పెడితే రెండు ముద్దలు తిన్నారు. నేను దీపం పెట్టి కూర్చున్నాను గానీ, దేవుణ్ణి ఏమడగాలో తోచలేదు.

పోయిన సోమవారం ఆసుపత్రిలో మేం టీ తెద్దామని కిందికి దిగిన పది నిమిషాల్లో మాస్టారు పోయారు. "బాధేమీ పడలేదు" అంది నర్సు. నేను తల ఊపలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు. ఒక చెయ్యి మంచం ఇనప పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడదీశాను.