మేస్త్రీ చూపుడువేలు

మేస్త్రీ చూపుడువేలు ఒకచోట ఉండదు. పనిలో ఉన్నంతసేపూ అది ఇటుకలకీ మనుషులకీ చోటు చూపిస్తూనే ఉంటుంది. "గోడ నిలువుగా ఉందో లేదో మీ కంటిని నమ్మకండిరా, తూకం గుండు వేలాడదీసి చూడండి" అని గోడ కట్టేవాళ్ల మీద రోజూ అరుస్తాడు. ప్రార్థనకు మోకరించినా ఆ వేలు ఊరుకోదు. కళ్లు గట్టిగా మూసుకుని, ఏది ముందు చెయ్యాలో ఏది తర్వాతో దేవుడికి పురమాయిస్తాడు.

భార్యకు ఆపరేషన్ జరిగే రోజు పొద్దున, ఆస్పత్రి మంచం పక్కన కూడా అదే వరస. "ప్రభువా, కోత వద్దు. మందులతోనే తగ్గించు. తప్పదంటే పెద్ద డాక్టరే చెయ్యాలి, ఆ కుర్ర డాక్టరు వద్దు."

"ఏవండీ, దేవుడేమన్నా మీ దగ్గర కూలికి కుదిరాడా?" అంది ఆవిడ నీరసంగా. "కంటిని నమ్మొద్దని అందరికీ చెప్పేది మీరేగా. ఆయన ముందు మాత్రం మీ కన్నే తూకం గుండా?"

కళ్లు తెరిచాడు. వేలు పైకప్పు వైపు నిటారుగా నిలబడి ఉంది. ఇన్నేళ్లూ దేవుడి ముందు తను ఎలా కూర్చున్నాడో అప్పుడు కనబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వేలిని పిడికిట్లో ముడిచి, "నీ చిత్తం..." అన్నాడు. ఆవిడే ఆ పిడికిలి మీద చెయ్యి వేసి "ఆమేన్" అంది.