అద్దం మీద బొట్టు

కూతురు హేమశ్రీ డిజిటల్ ఫొటో ఫ్రేము తెచ్చి గోడకు తగిలించింది. ఇంటిల్లిపాదీ ఫోన్లలోంచి దానికి ఫొటోలు పంపుతున్నారు. జాలరిపేటలో చేపలమ్మే పోలమ్మకు మాత్రం గోడ మీద వెలిగే ఫొటో అంటే పోయినవాళ్లదే. శుక్రవారం పొద్దున్నే మొగుడు ఎల్లాజీ అందులో కనబడగానే నుదుట కుంకుమ పెట్టింది. దండ తెచ్చేసరికి ఆ బొట్టుతో అల్లుడు నవ్వుతున్నాడు.

"ఓలమ్మో! బతికున్నోడికి బొట్టెట్టేసాను. ఇదేటే హేమా?"

"పది సెకన్లకోసారి ఫొటో మారిపోతాదమ్మా. తుడిసెయ్యి."

"తుడిస్తే మీ అయ్యది కూడా పోదేటే?"

జవాబు వినకుండానే పోలమ్మ కొంగు ఎత్తింది. ఈలోగా ఫ్రేములోకి తనే వచ్చింది. ఎల్లాజీ పోయిన రోజు చెరిపేసిన చోటే ఎర్రగా బొట్టు. ఇది మొగుడికి తను పెట్టిందో, తనకు మొగుడు పెట్టిందో పోలమ్మకు తెలియలేదు. కొంగు మాత్రం దించేసింది.