విమానం కిందికొచ్చినప్పుడు చెప్పాల్సిన మాట

మా తమ్ముడు విమానం నడిపేవాడు. సరిగ్గా చెప్పాలంటే, నడిపే ఆయన పక్కన కూర్చునేవాడు. డెబ్బైల చివర మా కొత్తవాడలో ఈ తేడా ఎవరికీ పట్టేది కాదు. మామునూరు ఏరోడ్రోం వైపు ఏ విమానం పోయినా మావాడిదే అనుకుని చేతులూపేవారు. నేను బడికి పోలేదు. అక్షరాలు ఇంట్లోనే, అమ్మ దగ్గర, దేవుడి పుస్తకాల్లో నేర్చుకున్నాను. విమానం సంగతులన్నీ తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు ఓపిగ్గా చెప్పినవే. ఆ ఓపికకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

ఒకసారి కబురు లేకుండా వచ్చాడు. పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం గాలేదక్కా. కొంచెమైతే అయ్యేది."

అతని పెద్ద పైలట్ మంచి మనిషే. కానీ వరుసగా డ్యూటీలు పడి నిద్ర లేదు. ఆ పొద్దున ఒక సముద్రపు ఊళ్లో దిగబోతున్నారు. పలుచగా మంచు ఉంది. విమానంలో ఎత్తు చూపే మీటరు గోడగడియారంలా ఉంటుందట, ముళ్లతో. అలసిన కళ్లకు ఒక వేయి రెండు వేలుగా కనిపించగలదట. ఆ సారుకు అలాగే కనిపించింది. విమానం ఉండాల్సిన దానికంటే వేయి అడుగులు కిందికి వచ్చేసింది. తమ్ముడు చూశాడు. అలాంటప్పుడు చెప్పడమే అతని ఉద్యోగం.

"మరి చెప్పలేదా?"

"చెప్పిన."

"ఏమని?"

"'సర్, ఈ పక్క పంటలు మంచిగ కనవడ్తున్నయి' అన్న."

"ఆయనేమన్నడు?"

"'ఈసారి వానలు బాగ పడ్డయి' అన్నడు."

నాకు నవ్వు రాలేదు. వాడేం చేశాడో వెంటనే అర్థమైంది. మా ఇంట్లో పెద్దవాళ్ల తప్పును పెద్దవాళ్లకు చెప్పే పద్ధతి లేదు. పక్కనున్న దేనికో చెప్పాలి. తాత అంగీ తిరగేసి తొడుక్కుని నెక్కొండ పెళ్లికి బయలుదేరితే, మా నాయనమ్మ గడపతో, "ఈ కాలంల కుట్లు బయటికే పెడ్తున్నరు గావచ్చు" అన్నది. తాత ఏమీ విననట్టు లోపలికి వెళ్లి, సరిగా తొడుక్కుని వచ్చాడు. మర్యాద మిగిలింది, అంగీ బాగుపడింది. తమ్ముడు అదే మర్యాదను ఇంగ్లీషులోకి మార్చి ఆకాశంలో వాడాడు. ఆ సారు మా ఇంట్లో పెరగలేదు.

చివరికి తాటిమట్టలు విడివిడిగా కనిపించేసరికి సారే ఉలిక్కిపడి విమానాన్ని పైకి లేపాడు. ఒక చుట్టు తిప్పి తెచ్చి దించాడు. ఊరంతా చూపించారని ఒక ముసలాయన దిగేటప్పుడు థాంక్స్ చెప్పాడట.

"సోమవారం మళ్ల ఆయనతోనే డ్యూటీ. నాకు నోరు రాదక్కా. మళ్ల గిట్లనే అయితే అందరం పోతం."

దేవుడికి దండం పెట్టాను. దండంతో పాటు వాడికి సాధన కూడా అవసరమని తోచింది. నేను పీట మీద సారులా కూర్చుని కునికిపాట్లు నటించాను.

"చెప్పు."

"సర్, జర..."

"జర అన్నవు. చచ్చినం. మళ్ల చెప్పు."

"సర్, మీరేమనుకోకుంటే..."

"నేను అనుకునేదాంక విమానం ఆగుతదా?"

సాయంత్రానికి నాతో గట్టిగానే చెప్పగలిగాడు. కానీ నేను అక్కను. నన్ను తిట్టడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. అసలు పరీక్ష నాయినే.

నాయిన జంపఖానాలు నేసేవాడు. ఆ వారం ఒక పెళ్లివారికి ఇవ్వాల్సిన పని మీద ఉండి, మగ్గం దగ్గరే సగం నిద్రపోతున్నాడు. చేతులు మాత్రం ఆగడం లేదు. మర్నాడు అన్నాలయ్యాక చూస్తే, నల్ల పట్టె రావాల్సిన చోట ఎర్రది పడుతోంది. అమ్మ చూసింది. చీపురు పట్టుకుని దానితో, "ఎర్ర నూలు అగ్గువకే దొరుకుతున్నట్టున్నది" అన్నది. మామూలుగా అయితే నాయిన చెయ్యి అక్కడే ఆగేది. ఆరోజు ఆగలేదు. అమ్మ మళ్లీ అన్నది. నాయిన తల ఊపి ఇంకో పోగు వేశాడు. అలసిన చెవికి ఇలాంటి మాట చేరదని నాకు అప్పుడు తెలిసింది.

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు లేచి మగ్గం ముందుకు వెళ్లాడు.

"నాయినా, ఆపు. పట్టె తప్పింది. నల్లది పడాలె."

అమ్మ చీపురు కింద పడేసింది. మా ఇంట్లో అలాంటి మాట అంతకు ముందు ఎవరూ విని ఉండరు. నాయిన ఆపాడు. పట్టెను చూశాడు, కొడుకును చూశాడు.

"ఎక్కడికెల్లి తప్పింది?"

"బెత్తెడు కిందికెల్లి."

"పొద్దటికెల్లి కండ్లు మూతవడ్తున్నయి. ఒక్కరన్న చెప్తలేరు," అన్నాడు నాయిన నొచ్చుకుంటూ. "గింతమంది ఉండి ఏం లాభం?"

"చెప్పిండు గద. లే, జరసేపు ఒరుగు," అన్నది అమ్మ. ఆమె ఆయనతో నేరుగా అలా అనడం కూడా నేను అప్పుడే విన్నాను. నాయిన పడుకున్నాడు. తప్పిన పోగులు నేనూ తమ్ముడూ కూర్చుని విప్పాం.

తమ్ముడు హైదరాబాద్ బస్సెక్కి వెళ్లాడు. ఆ సోమవారం నేను ఉపవాసం ఉన్నాను.

తర్వాత వచ్చినప్పుడు అన్నం మామూలుగానే తిన్నాడు. నేను అడిగితే గానీ చెప్పలేదు. ఆ పొద్దున కూడా సారు కళ్లు ఎర్రగానే ఉన్నాయట. దిగేటప్పుడు మళ్లీ ఎత్తు తగ్గిందట. "సర్, తక్కువ ఉన్నం. పైకి లేపండి" అన్నాడట, అంతే, ఇంకో మాట కలపకుండా. సారు లేపాడు. కిందికి దిగాక చాలాసేపు సీట్లోంచి లేవలేదు.

"కోపమొచ్చిందా?"

"లేదక్కా. సీదా ఆఫీసుకు వోయి, 'నాకు నిద్ర చాలుతలేదు, సెలవియ్యండి' అని అడిగిండు."

"ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు."

ఆ సారు ముఖం నేను ఎన్నడూ చూడలేదు. తమ్ముడిని ప్రాణాలతో ఇంటికి పంపినందుకు దేవుడికి ఎంత రుణపడ్డానో, మాట విని విమానం పైకి లేపినందుకు ఆయనకూ అంతే. పూజలో మావాళ్ల పేర్లన్నీ అయ్యాక ఆయన పేరూ చెప్పుకునేదాన్ని. ఆయనకు పదవులూ సిరులూ అడగలేదు. ఆ పూట కంటినిండా నిద్ర పట్టాలని మాత్రం అడిగాను.