బేస్‌మెంట్‌లో అమ్మ శ్రుతి

పాత సింథసైజర్‌కి కరెంటు ఇచ్చిన కాసేపటికి ఒక వాసన వస్తుంది. లోపల పేరుకున్న దుమ్మూ, పక్కలకి బిగించిన చెక్కా కలిసి మెల్లగా వేడెక్కుతుంటే వచ్చే వాసన. చలికాలంలో మొదటిసారి హీటర్ వేసిన రోజు ఇల్లంతా కమ్ముకుంటుందే, అచ్చం అదే. నాన్న మిషిగన్‌లో ఇల్లు అమ్మేసి చిన్న కాండో ఫ్లాట్‌కి మారుతూ, దాన్ని పాత దుప్పట్లలో చుట్టి, జార్జియాలో కమ్మింగ్‌లో ఉన్న మా ఇంటికి పంపించాడు. పై గదిలో బల్లమీద పెట్టి, ప్లగ్ గుచ్చి, ఆ వాసన వచ్చేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని తలుపు కూడా వేసుకున్నాను. రాలేదు. నా ఏడుపు పిలిస్తే వచ్చే రకం కాదు.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నేలకింది గదిని అందరూ బేస్‌మెంట్ అనేవాళ్ళు, నాన్న ఒక్కడే స్టూడియో అనేవాడు. మెట్లు దిగగానే తడి కార్పెట్ వాసన, ఒక మూల బియ్యం బస్తాలు, ఇంకో మూల ఇండియా వెళ్ళొచ్చిన సూట్‌కేసులు, వాటి మధ్య, ఎప్పుడూ గురకపెడుతూ తేమ పీల్చే మిషన్ పక్కన, ఈ సింథసైజర్. నాన్న ఉద్యోగం కార్ల కంపెనీలో, కార్లలో ఎక్కడెక్కడ అనవసరమైన చప్పుళ్ళు వస్తున్నాయో పట్టుకోవడం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. ఎవరైనా అంకుల్ కొత్త కారు కొని ముచ్చటగా ఎక్కించుకుంటే, వీధి మలుపు తిరగకముందే “మీ డాష్‌బోర్డ్ లోపల ఏదో గలగలమంటోందండీ” అని ఆయన సంతోషం కాస్తా తుడిచేసేవాడు. సింథసైజర్‌ని మా వీధిలోనే ఒక ముసలాయన గరాజ్ ముందు అమ్మకానికి పెడితే కొనుక్కొచ్చాడు. హీటర్ అనుకుని కొన్నాడని అమ్మ చివరిదాకా ఏడిపించింది.

చూడటానికి అది నిజంగానే హీటర్‌లా, లేకపోతే పాత టెలిఫోన్ ఎక్స్చేంజిలా ఉండేది. కింద పియానో మెట్లు, పైన ముఖమంతా నల్లటి నాబ్‌లు, ఒక్కో నాబ్ మీద తెల్లటి గీత, వాటి మధ్య అటూ ఇటూ గుచ్చిన రంగురంగుల వైర్లు. దానిమీద ఇంకో పెట్టె, సీక్వెన్సర్. అందులో వరసగా నాబ్‌లు, ఒక్కో నాబ్ కింద ఒక్కో ఎర్ర దీపం. ఆన్ చేస్తే దీపాలు ఎడమనుంచి కుడికి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పరుగెత్తేవి, ఏ దీపం వెలిగితే ఆ నాబ్‌కి పెట్టిన స్వరం మోగేది, చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చేవి. ఇప్పటి మిషన్లలాగా ఒక మీట నొక్కి శబ్దాన్ని దాచుకోవడం దానికి చేతకాదు. నాబ్‌లు ఏ వైపు తిరిగి ఉన్నాయో అదే శబ్దం; ఎవరైనా కదిపితే ఆ శబ్దం పోయినట్టే. అందుకే మా ఇంట్లో పిల్లలకి స్టవ్ ముట్టుకోవద్దని కాదు, నాబ్ ముట్టుకోవద్దని చెప్పేవాళ్ళు.

అది చెయ్యలేని చప్పుడు లేదు. దీపావళికి బయట మంచు కురిసే చలి, టపాసులంటే పోలీసులొస్తారని భయం, అందుకని నాన్న పిల్లలందరినీ కార్పెట్ మీద కూర్చోబెట్టి, లైట్లు తీసేసి, చిచ్చుబుడ్డి సుర్రుమనడం దగ్గర్నుంచి లక్ష్మీబాంబు పేలడం వరకూ ఆ పెట్టెలోంచే తీసేవాడు. మేం చెవులు మూసుకుని, నోటినిండా మినపసున్ని కుక్కుకుని కేకలు పెట్టేవాళ్ళం. ఒక ఆదివారం కుక్కర్ కూత తయారుచేశాడు. అమ్మ లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతూ, కూతలు లెక్కపెట్టుకుంటూ ఉంది. కుక్కర్‌వి కొన్ని, నాన్నవి కొన్ని కలిపి లెక్క సరిపోయేసరికి పరుగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేసింది. మూత తీసి చూస్తే కందిపప్పు రాళ్ళలా ఉంది.

“ఏవండోయ్, నా పప్పుతోనా మీ సరదాలు? ఇవాళ ఈ పలుకులే తినండి, తెలుస్తుంది!” అని మెట్ల మీంచి అరిచింది. తిన్నాం కూడా.

అమ్మ రాజమండ్రిలో చిన్నప్పట్నించీ సంగీతం నేర్చుకుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి లేదు, పాడుకోవడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు అనేది. వస్తూ వస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న తంబూరా బుర్ర, మిషిగన్ చలికాలంలో హీటర్ పొడిగాలికి మొదటి ఏడే నిలువునా పగిలింది. ఎవరో ఆంటీ ఇచ్చిన చిన్న శ్రుతిపెట్టె అమ్మకి నచ్చలేదు, దోమ పాడుతున్నట్టుంది అంది. ఆ మాట నాన్నకి పట్టుకుంది. ఒక చలికాలమంతా కింద కూర్చుని, పంచమం, షడ్జం, షడ్జం, కింది షడ్జం అని సీక్వెన్సర్‌లో నాలుగు దీపాలకి నాలుగు స్వరాలు పెట్టి, తీగ మీటాక మిగిలే ఆ జుమ్మనే రొద కూడా వచ్చేదాకా నాబ్‌లు తిప్పి తిప్పి, అమ్మకి తంబూరా చేసిపెట్టాడు.

అన్నీ నాన్న పెట్టినవే, ఒక్క నాబ్ తప్ప. కుడివైపు చివర ఉండేది అది, మొత్తం శ్రుతిని సన్నగా పెంచడానికీ తగ్గించడానికీ. రోజూ పొద్దున్న నన్ను స్కూల్ బస్ ఎక్కించే ముందు అమ్మ కాఫీ గ్లాసుతో కిందికి వచ్చి, మిషన్ వేడెక్కేదాకా ఆగి, “ఆ…” అని ఒకసారి గొంతు పెట్టి, ఆ నాబ్‌ని వెంట్రుకవాసి కదిపేది. గొంతూ శబ్దమూ కలిసిన చోట ఆపేది. దాని తెల్ల గీత ఇంచుమించు ఎప్పుడూ నిటారుగా, మధ్యలోనే ఆగేది. దాన్ని మేం అమ్మ శ్రుతి నాబ్ అనేవాళ్ళం. దసరాకి నాన్న కారుకీ, కత్తిపీటకీ బొట్టు పెడుతూ అమ్మ దీని చెక్కకి కూడా పెట్టేది. పులిహోర పోపు వాసన మెట్లు దిగి వస్తుంటే, నేను మిగిలిన వైర్లతో బొమ్మకి జడలల్లుతూ, ఆ పాట వింటున్నానని తెలియకుండానే వింటూ ఉండేదాన్ని.

నేను ఆరో క్లాసుకి వచ్చిన ఏడు అమ్మకి జబ్బు చేసింది. పెద్దవాళ్ళు నాకేం చెప్పలేదు, నాబ్ చెప్పింది. తెల్ల గీత కొంచెం కొంచెంగా ఎడమకి వాలడం మొదలుపెట్టింది.

“ఎందుకమ్మా కిందికి పెడుతున్నావు?” అని అడిగితే, “ఇవాళ గొంతు బరువుగా ఉంది తల్లీ” అంది. తర్వాత ఏ రోజూ అది తేలికపడలేదు. చలికాలం వచ్చేసరికి అమ్మ నిలబడి పాడటం మానేసి స్టూల్ మీద కూర్చుంది, పాడటం మానేసి ఒట్టి శ్రుతి వేసుకుని వినేది, గీత మాత్రం ఇంకా వాలింది. మంచు కరగకముందే అమ్మ పోయింది.

అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఎవరో జుట్టు దువ్వారు, ఎవరో అన్నం కలిపిపెట్టారు, తిన్నాను. మైల తీరే రోజున చుట్టుపక్కల ఆంటీలందరూ చీరలు బొడ్డున దోపుకుని, మాకు పని తగలకుండా, ఇల్లు పైనుంచి కిందిదాకా కడిగారు. బేస్‌మెంట్ పద్మ ఆంటీ వంతుకి వచ్చింది. అమ్మకి బాగా దగ్గరి స్నేహితురాలు ఆవిడ. పసుపునీళ్ళు చల్లి, తడిగుడ్డతో సింథసైజర్‌ని మెట్టు మెట్టునా తుడిచి, వైర్లు పీకి చుట్టచుట్టి పక్కన పెట్టి, తలో దిక్కుకీ తిరిగి ఉన్న నాబ్‌లన్నీ స్టవ్ సర్దినట్టు నిటారుగా మధ్యకి తిప్పిపెట్టారు.

“అన్నీ వంకరటింకరగా ఉన్నాయన్నయ్యగారూ, నీట్‌గా సర్దేశాను” అని నాన్నతో చెప్పారు పాపం.

నాన్న కిందికి వెళ్ళి ఆన్ చేశాడు. తంబూరా లేదు. “ఊ…” అని ఒకే మూలుగు. కాసేపు విని, “పర్లేదండీ” అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఉన్న శబ్దం అదే. నాన్న ఆఫీసునుంచి రాగానే కిందికి వెళ్ళి ఆ మూలుగు ఆన్ చేసి కుర్చీలో కూర్చునేవాడు, నేను కార్పెట్ మీద హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని, ఫ్రిజ్ చప్పుడు అలవాటైనట్టు అదీ అలవాటైంది. మొదట్లో అడిగేదాన్ని, “అమ్మ శ్రుతి మళ్ళీ పెట్టవా నాన్నా?” అని. “చూద్దాంలే” అనేవాడు. కారులో ఈల వేసే స్క్రూని చెవితో పట్టుకునే మనిషి, తను చేసిన తంబూరాని తనే మర్చిపోయాడని నమ్మాను. పద్మ ఆంటీ మీద మాత్రం కోపం కరగలేదు; ఆవిడ ఏ పండక్కి ఏం తెచ్చినా ముట్టుకునేదాన్ని కాదు. ఎందుకో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఇదంతా పై గదిలో కూర్చుని గుర్తుచేసుకున్నాక నాన్నకి ఫోన్ చేశాను. వచ్చిందనీ, పనిచేస్తోందనీ, ఆ మూలుగే వస్తోందనీ చెప్పాను.

“స్పీకర్‌లో పెట్టు. పచ్చ వైరు ఉందా? పై వరసలో రెండో కన్నంలో గుచ్చు” అన్నాడు.

గుచ్చాను. తర్వాత ఎర్రది. తర్వాత ఒక్కో నాబూ. “ఇంకొంచెం. ఆగు, ఆగు, వెనక్కి. అద్దీ.” ఒక్కటి కూడా తడుముకోలేదు. దీపాలు పరుగెత్తాయి, పంచమం వచ్చింది, షడ్జాలు వచ్చాయి, చివరికి ఆ జుమ్మనే రొద వచ్చి గది నిండింది. మా నాన్న దేన్నీ మర్చిపోలేదు.

“శ్రుతి నాబ్ ఒక్కటే మిగిలింది నాన్నా. ఎడమకి ఎంత తిప్పను?”

“ఇప్పుడెక్కడుంది?”

“మధ్యలో.”

“అక్కడే ఉండనీ.”

“చివర్లో అమ్మది అక్కడ కాదుగా.”

“కాదు. ఎక్కడో నాకు తెలుసు. మిగతావన్నీ సరిచేస్తే, అదీ పెట్టు అని నువ్వే అడిగేదానివి. నా చేత్తో దాన్ని కిందికి తిప్పలేకపోయానమ్మా. పద్మగారి పుణ్యమా అని, అమ్మ ఒంట్లో బాగున్నప్పటి చోటికి వచ్చింది అది. ఉండనిద్దాం అనుకున్నాను.”

నేను నాబ్ మీంచి చెయ్యి తీసేశాను. ఇన్నేళ్ళ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

శబ్దం విని మా అమ్మాయి పైకి వచ్చింది. బల్ల పక్కన నిలబడి దీపాలు చూసి, “మామ్, ఏంటిది?” అంది. అమ్మమ్మ పాడుకునే శ్రుతి అని చెప్పాను. బుద్ధిగా నేలమీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, “సాంగ్ ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?” అని అడిగింది.

ఫోన్‌లోంచి నాన్న, “కుక్కర్ కూత వేస్తోందమ్మా, ఉంటాను” అని పెట్టేశాడు. నాకు ఏ కూతా వినపడలేదు.

ఇప్పుడు ఆ బేస్‌మెంట్ ఎవరిదో. పిల్ల కాసేపు చూసి, పాట రాకపోయేసరికి లేచి కిందికి వెళ్ళిపోయింది. నేను సాయంత్రం దాకా దాన్ని ఆపలేదు.