నిండు ఊపిరి కొలత

మా మేనత్త మామూలు మనుషులకు ఛాతీ కొలత ఒకసారే తీసేది. పాటగాళ్ళకు మాత్రం రెండుసార్లు. "ఊపిరంతా వదిలెయ్" అని టేపు చుట్టి ఒకటి, "ఇప్పుడు పాట ఎత్తుకోబోతున్నట్టు పీల్చు" అని ఇంకొకటి. మొదటిది ఖాళీ కొలత, రెండోది నిండు కొలత. రెండింటికీ తేడా ఎంతో, ఆ మనిషి దగ్గర పాట అంత ఉన్నట్టు ఆమె లెక్క. గుడ్డ నిండు కొలతకే కత్తిరించేది. అది చాలదన్నట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ దాచి కుట్టేది.

బృందగానం వాళ్ళ పని ఒప్పుకున్నాక అబ్బిన అలవాటు అది. వాళ్ళు పదహారుమంది. ఏ వాద్యమూ లేకుండా, నాలుగు వందల ఏళ్ళ కిందటి చర్చి పాటలు పాడేవారు. పాట ఆనాటిది కాబట్టి ఒంటిమీద బట్టా ఆనాటిదే కావాలని వాళ్ళ మాస్టారి పట్టుదల. ఏది చూపించినా "అచ్చం అలాగే ఉండాలి" అనేవాడు. అందుకని అత్త ఆయనకు అచ్చం మాస్టారని పేరు పెట్టింది. పాదాల దాకా దిగే నల్లటి ఉన్ని అంగీ, మెడకు తెల్లటి నార పట్టీ. జిప్పు కూడదు, ప్లాస్టిక్ గుండీ కూడదు, మిషను కుట్టు అసలే కూడదు. కుట్టిన అంగీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిరగేసి, కళ్ళద్దాలు సర్దుకుని మరీ వెతికేవాడు.

"లోపల కూడా చేతికుట్టేనా అమ్మా?"

"చంకల్లోకి తొంగిచూసేవాళ్ళు కూడా వస్తారా మాస్టారూ మీ కచేరీకి?"

"ఎవరూ చూడరు. కానీ వేసుకున్నవాడికి తెలుస్తుంది."

ఆ మాట అత్తకు నచ్చింది. నచ్చిందని ఆయనతో మాత్రం అనలేదు. "తెలిసేది నా వేళ్ళకి" అని, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా తీసి, తూట్లు పడ్డ వేలు చూపించింది.

మా నాన్న ఆమెకు అన్న. పగలు దుకాణాల్లో తూకం యంత్రాలు బాగుచేసేవాడు, సాయంత్రాలు ఆ పదహారుమందిలో అందరికన్నా కింది స్వరం పాడేవాడు. వాళ్ళ చివరి పాట ముగింపులో నాన్న ఒకే ఒక్క స్వరం పట్టుకుని నిలబడాలి. మిగతా గొంతులన్నీ పైన తిరిగి తిరిగి, ఒక్కొక్కటే వచ్చి దానిమీద వాలతాయి. ఆఖరి గొంతు వాలేదాకా ఆయన ఊపిరి తెగకూడదు.

ఆ ఏడాది ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, వేలాడే చొక్కాతో ఇంటికొచ్చాడు. మాస్టారు చూడడానికి వచ్చి, "మీ చోటు మీదే. పాడలేకపోతే ఊరికే నిలబడండి, చాలు" అన్నాడు. నాన్న తలూపాడు. ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాత అంగీలను చిమ్మటలు కొట్టేయడంతో ఆ ఏడే అందరికీ కొత్తవి కుట్టిస్తున్నారు. చేతిమగ్గం ఉన్ని, సరిగ్గా పదహారు అంగీలకే నేయించారు. అత్త టేపు మెళ్ళో వేసుకుని ఇంటికొచ్చింది. ఖాళీ కొలత తీసింది. నిండు కొలత తీసింది. ఎప్పుడూ మూడంగుళాలుండే తేడా ఒక్క అంగుళం ఉంది.

"ఎంత?" అన్నాడు నాన్న.

"ఎప్పటిలాగే. గాలిబుడగవి నువ్వు, నీకేం!" అంది అత్త. వంటింట్లోకి వచ్చి నా దగ్గర మంచినీళ్ళు అడిగి తీసుకుని, తాగకుండా గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

మర్నాటి నుంచి నాన్న స్నానాలగదిలో తలుపేసుకోవడం మొదలుపెట్టాడు. లోపల్నుంచి గుడగుడమని చప్పుడు. సీసాలో నీళ్ళు పోసి, గొట్టంతో ఊదమని డాక్టరు చెప్పాడట. డాక్టరు చెప్పింది రోజుకు పది నిమిషాలు. ఈయన గంట ఊదేవాడు. తర్వాత బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుని, ఆ ఒక్క స్వరం పట్టుకునేవాడు.

"మీ అత్తకి చెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. నా వల్ల కాకపోతే అందరికీ తెలిసిపోతుంది" అన్నాడు. చెప్పలేదు నేను. మూడు నెలలు చెప్పలేదు. జరిగిన పొరపాటులో నా వాటా అది.

కచేరీ రోజు మధ్యాహ్నం మూడింటికి చర్చి పక్కగదిలో అంగీలు తొడిగి చూసుకుంటున్నారు. నాన్నకు అత్తే స్వయంగా తొడిగింది. ఎంత చక్కగా అమరిందో! ఎక్కడా వదులు లేదు. జబ్బుపడ్డ మనిషనే అనిపించలేదు.

"పీల్చు అన్నయ్యా" అంది అత్త, అలవాటు కొద్దీ.

నాన్న పీల్చాడు. పక్కకుట్టు కిర్రుమంది. టప్‌మని దారం తెగింది.

అత్త టేపు చుట్టి చూసింది. తేడా రెండున్నర అంగుళాలు.

"ఇదేమిటే, ఇంత బిగువు?" అన్నాడు నాన్న. తెగినచోట లోపల వేలుపెట్టి తడిమాడు. రెండు వేళ్ళ గుడ్డ ఉండాల్సిన చోట ఏమీ లేదు. "లోపల గుడ్డ కూడా వదల్లేదా?"

"వదిలితే లావుగా ఉబ్బుతుంది. సన్నబడ్డావని పదిమందికీ తెలుస్తుంది. అందుకని..."

"మిగిలిన గుడ్డ?"

"వేరేవాళ్ళ అంగీల చేతులకి వాడేశాను."

"అంటే నేను ఊరికే నిలబడతాననే అనుకున్నావు."

అత్త అబద్ధం ఆడలేదు. "అనుకున్నాను" అంది.

"అందరూ అనుకోవచ్చే. నువ్వు అనుకోకూడదు" అన్నాడు నాన్న. ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

అత్త నేలమీద చతికిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె అంగీ అంచు పట్టుకుని చూస్తోంది. తర్వాత కత్తెర తీసి, అడుగున జానెడు గుడ్డ చుట్టూ కత్తిరించేసింది.

మాస్టారు పరుగున వచ్చాడు. "అమ్మా! ఏమిటీ ఘోరం?"

"మాస్టారూ, ఆ కాలంలో ఒక పాటగాడు లావెక్కితే ఏం చేసేవాళ్ళు? కొత్తది కుట్టించేవాళ్ళా?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "లేదు. ఉన్ని ఖరీదు. ఎక్కడో ఒకచోట కోసి, అతుకేసేవాళ్ళు."

"మరి ఇది అచ్చం అలాగే."

కత్తిరించిన గుడ్డతో రెండు పొడవాటి ముక్కోణాలు చేసి రెండు పక్కలా పెట్టి కుట్టింది. నేను సూదుల్లోకి దారం ఎక్కించి అందించాను. ఐదున్నరకు అంగీ సిద్ధమైంది. నాన్న తొడుక్కుని నిలబడ్డాడు. అందరూ కిందికి చూశారు. జానెడు కురచయిన అంగీ కింద, జబ్బు తర్వాత ఇంకా వాపు తగ్గని పాదాలకు వేసుకున్న తెల్లటి కాన్వాసు బూట్లు.

"ఇవి నాలుగు వందల ఏళ్ళవి కావు" అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు. నాన్న కూడా.

"విప్పేస్తాను" అన్నాడు.

"రాతినేల మీద వట్టికాళ్ళా? ఆసుపత్రి దారి మళ్ళీ చూడాలనుందా?" అని కసిరింది అత్త.

మాస్టారు కుర్చీలో కూర్చుని, తన పొడవాటి నల్ల మేజోళ్ళు విప్పాడు. ఒంగి నాన్న బూట్లమీదుగా తొడిగి, పైకి లాగాడు. "నావి ఎవరూ చూడరులెండి" అన్నాడు.

"వేసుకున్నవారికి తెలుస్తుందిగా" అంది అత్త.

చివరి పాట వచ్చింది. నేనూ అత్తా పక్కద్వారం దగ్గర నిలబడ్డాం. ఇంకా దారం వేలాడుతున్న సూది ఆమె వేళ్ళ మధ్యే ఉంది. నాన్న స్వరం పట్టాడు. పైన గొంతులు తిరుగుతున్నాయి. ఒకటి వాలింది. ఇంకొకటి. అత్త ఆయన మొహం చూడలేదు, పక్కన వేసిన అతుకునే చూస్తోంది. నిండుగా విచ్చుకున్న ఆ ముక్క మెల్లగా, చాలా మెల్లగా మూసుకుంటోంది. ఆఖరి గొంతు ఇంకా పైనే ఉంది. అతుకు దాదాపు పూర్తిగా మడతపడింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. అప్పుడు వాలింది ఆ గొంతు.

"ఇంకో అరంగుళం ఊపిరి ఉంది లోపల" అంది అత్త, చెవిలో చెప్పినట్టు. "ఇంకా అరంగుళం దాచుకున్నాడే."

నాన్న ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు పాడాడు. అంగీ ఇప్పుడు నా బీరువాలో ఉంది. అడ్డంగా కోసిన గుడ్డ కాబట్టి, వెలుతురులో పట్టుకుంటే ఆ రెండు అతుకులూ మిగతా నలుపులో కలవకుండా వేరేగా మెరుస్తాయి. తిరగేసి చూస్తే, ప్రతి అతుకు వెంటా లోపల నాలుగేసి వేళ్ళ గుడ్డ వదిలి ఉంటుంది. అంత హడావిడిలోనూ.