గంటగంటకీ ఒక సున్నా

రక్తనిధిలో అందరూ ఆమెను వడ్రంగిపిట్ట అంటారు. నిల్వలు చూపించే తెర ముందు కూర్చుందంటే, చూపుడువేలు ఒకే మీటను టకటకా పొడుస్తూనే ఉంటుంది. పొడిచిన ప్రతిసారీ తెర ఒక్క రెప్ప వాల్చి, అవే అంకెలను మళ్ళీ చూపిస్తుంది.

రెండేళ్ళ కిందట ఒక గ్రూపు రక్తం అయిపోయిన సంగతి ఆమె ఇరవై నిమిషాలు ఆలస్యంగా చూసింది. రోగి బతికాడు. ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఆమె వేలిని వదల్లేదు. సెలవురోజున కూడా, వేరేవాళ్ళు డ్యూటీలో ఉన్నా, ఫోనులో అదే తెర. బట్టలు ఆరేస్తూ ఒకసారి, కూర కలుపుతూ ఒకసారి.

"నెలాఖరున నా పరుగుపందెం. నువ్వు రానక్కర్లేదులే," అంది పన్నెండేళ్ళ కూతురు, జడ వేయించుకుంటూ.

"అదేం మాటే? పోయినసారి వచ్చాగా."

"వచ్చావు. నేను పడ్డానని ఇంటికొచ్చాక కట్టు చూసి తెలుసుకున్నావు."

"ఈసారి చూస్తాను."

"ఏదీ, ఆ మాట ఫోను పక్కన పెట్టి చెప్పు."

ఒళ్ళో ఫోను తెర వెలుగుతూనే ఉంది. జడ సగంలో ఆగిపోయింది.

అత్తగారు ఇదంతా వింటోంది. వాతావరణ కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి రిటైరైన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, బుర్ర వణకదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనక్కి తిప్పి కోడలి ముందు పెట్టింది.

"చూడ్డం యంత్రం పని. ఎలా చూడాలో దానికి చెప్పడం నీ పని. ముందు మామూలు మాటల్లో రాయి. ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎప్పుడు అరవాలి."

"ఈ వయసులో నాకేం వస్తుంది అత్తయ్యా?"

"నేను నేర్చుకున్న యంత్రాలన్నీ తుక్కులోకి పోయాయి. ఈ మూడు ప్రశ్నలు పోలేదు. రాయి."

మూడు వారాలు పొద్దున్నే కాగితాలు నలిగాయి. చివరికి, పై అధికారి సరేనన్నాక, ఆమె రాసిన ప్రోగ్రాము రక్తనిధిలో నడిచింది. అయిదు నిమిషాలకోసారి నిల్వలు చూస్తుంది. ఏ గ్రూపైనా నాలుగు సంచులకంటే తగ్గితే ఆమె ఫోను మోగుతుంది. ఆ పూట ఆమె చెయ్యి దూదిపింజలా తేలింది. మధ్యాహ్నానికి మళ్ళీ తెర తెరిచింది, ప్రోగ్రాము నడుస్తోందో లేదో చూద్దామని. సాయంత్రంలోగా అరవైసార్లు తెరిచింది.

"అంటే ఇప్పుడు నీకు రెండు ఉద్యోగాలన్నమాట," అంది అత్తగారు. "రక్తాన్ని కాయడం, కాసేదాన్ని కాయడం."

"మోగట్లేదంటే అంతా బాగున్నట్టా, అది చచ్చిపడున్నట్టా? నాకెలా తెలుస్తుంది?"

అత్తగారు నవ్వలేదు. "ఇన్నాళ్ళకి సరైన ప్రశ్న అడిగావు. కొండల మీద మా వానకొలతల పెట్టెలు వాన లేకపోయినా గంటగంటకీ సున్నా పంపేవి. సున్నా వస్తే వాన లేనట్టు. సున్నా కూడా రాకపోతే మనిషిని పంపేవాళ్ళం. నీ దానికి సున్నా చెప్పడం నేర్పలేదు నువ్వు."

ఆ రాత్రి వంటింట్లో నిలబడే, కాగితం అవసరం లేకుండా, ఆమె ప్రోగ్రాములో మరో మూడు వరుసలు రాసింది. అప్పటినుంచీ గంటకోసారి ఫోను టింగుమంటుంది. ఒక సున్నా.

పందెం రోజున ఫోను అత్తగారి సంచిలో ఉంది. పదింటి సున్నా వచ్చింది. పదకొండుకి రెండు నిమిషాలుండగా ఈల మోగి పిల్లలు పరుగందుకున్నారు. మైదానమంతా కేకలు. ఎదురుగా బడి గోడగడియారం ముల్లు పదకొండు దాటింది. ఆమెకు టింగుమన్న చప్పుడు వినబడలేదు. చెయ్యి దానంతటదే సంచి వైపు పాకింది.

అత్తగారు సంచి మీద అరచెయ్యి వేసింది. "వినే పని నాది. నువ్వటు చూడు."

ఆమె అటే చూసింది. వేలు మోకాలి మీద పొడుస్తూనే ఉంది. కూతురు మలుపు తిరిగింది, వెనకబడింది, మళ్ళీ అందుకుంది. ఎండలో ఆ చిన్న వీపు వేగంగా దూరమై, వేగంగా ముఖమై వచ్చింది.

అయిదో స్థానం. పిల్ల రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది. "చూశావా?"

"మూడో చుట్టులో ఎడమబూటు తాడు ఊడింది. ఆగి కట్టుకుంటావనుకున్నాను. ఆగలేదు."

పిల్ల కిందికి చూసుకుంది. తాడు మట్టిలో పడుంది. కాలు ముందుకు చాపింది.

వెనక అత్తగారు ఫోను తీసి చూస్తూ, "పదకొండింటికే వచ్చిందే సున్నా," అంటోంది. వడ్రంగిపిట్ట తల తిప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తాడు అందుకుంది. ముడి వేయడానికి రెండు చేతులూ కావాలి. వేసింది. వేలు ఒక్కసారి, అలవాటుగా, బూటు మీద టక్కున పొడిచింది.