నేను పట్టుబట్టి తుపాకి చేసిన బొమ్మ

ఒకే ఒక్క మాట పొగరుగా రాసి రెండెకరాల శెనక్కాయ పంటను పందుల పాలు చేసిన మొనగాడిని నేను. ఎట్లా చేశానో చెబుతాను. నవ్వదలచినవాళ్లు నవ్వవచ్చు, మా ఇంట్లో ఆ నవ్వు ఇంకా ఆగలేదు.

అప్పటికి నాకు నలభై అయిదేళ్లు. మాది కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే పల్లె. పెద్దల బడిలో కన్నడ అక్షరాలు నేర్చుకుని ఆరు నెలలు. కొత్తగా కొమ్ములొచ్చిన పొట్టేలు కనిపించిన గోడనల్లా కుమ్మినట్టు, కనిపించిన కాగితం మీదల్లా రాసేవాడిని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోవడానికి మతి పెద్దగా లేదు గనక పంట పోయింది.

కరువు మీద కరువు తర్వాత ఆ ఏడు వాన పడింది. కాయ పట్టకముందే అడవిపందులు వాసన పట్టాయి. కువైట్‌లో డ్రైవరు పని చేసే మా బామ్మర్ది నా గోడు విని, రంగుగుండ్ల తుపాకి ఒకటి పార్సిలు వేశాడు. బయటి దేశాల్లో జనం సరదాకి దానితో ఒకరినొకరు కొట్టుకుంటారట. గుండు తగిలితే పగిలి రంగు పడుతుంది, అంతే. పంది చావదు, జడుసుకుని పారిపోతుంది.

పార్సిలును బెంగళూరు కస్టమ్స్‌లో ఆపేశారు. బస్సెక్కి పోయాను. అక్కడి ఆఫీసరుది కోలారు పక్క, మంచివాడు.

"రూలు సులభం పెద్దాయనా. ఆటసామానయితే సుంకం కట్టి ఇప్పుడే తీసుకోని పోవచ్చు. తుపాకి అయితే పోలీసు లైసెన్సు కావాల. ఈడ 'ఆటబొమ్మ' అని రాసి సంతకం పెట్టు."

బొమ్మట. నా మీసాలు లేచి నిలబడ్డాయి.

"ఏందప్పా, బొమ్మలతో ఆడుకునేవాని మాదిరి కనపడతాండానా నీకు?"

"నిన్ను అనలేదు పెద్దాయనా. కాగితానికి అంతే."

"సేద్యగాడు బొమ్మ తెచ్చుకున్యాడంటే మా ఊర్లో తలెత్తుకోని తిరగనిస్తారా? ఇది తుపాకి."

"రంగు పడేది తుపాకి యాడయితాది?"

"పంది పారిపోతాదా లేదా? అయితే తుపాకే."

మధ్యాహ్నం దాకా ఆయన బొమ్మని వాదించాడు, నేను తుపాకని. చివరికి గెలిచాను. 'తుపాకి' అని గుండ్రంగా, ఏ వంకరా లేకుండా రాశాను. ఆయన నిట్టూర్చి పార్సిలును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"లైసెన్సు తీసుకోని రాప్పా."

పోలీసులు మా ఊరికి వచ్చి నా గుణగణాలు విచారించారు. "మంచోడే సార్, మొండోడు" అని పక్క చేని ఆసామి సాక్ష్యం చెప్పాడు. కాయ పీకడానికి పది రోజులుందనగా లైసెన్సూ వచ్చింది, తుపాకీ వచ్చింది. మర్నాడే ఎన్నికలు ప్రకటించారు. ఎన్నికలు ముగిసేదాకా లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి.

స్టేషనులో హెడ్డు కానిస్టేబులు దాన్ని తిప్పి చూశాడు. "ఇది బొమ్మ గదప్పా. ఇంటికి తీసుకోని పో."

ఇక్కడైనా నోరు మూసుకోవచ్చు కదా అంటారు మీరు. నేను లైసెన్సు మడత విప్పి ఆయన ముందు పరిచాను. "చదువు సార్."

చదివాడు. "తుపాకనే ఉండాది. అయితే పెట్టి పో."

ఓట్ల లెక్క ముగిసి తుపాకి చేతికొచ్చేసరికి చేనులో పందులు తవ్విన గుంతలే మిగిలాయి. మా ఇంటామె గట్టు మీద నిలబడి ఆ గుంతలను చూసింది, నా చేతిలో లైసెన్సును చూసింది.

"ఇంతమంది ఆఫీసర్లు నిన్ను లైసెన్సు అడిగినారు గదా. పందుల్ని ఒక్కడూ అడగలేదా?"

ఆ గుంతల మధ్యనే నిలబడి ప్రమాణం చేశాను. ఇకమీదట సర్కారు బొమ్మంటే బొమ్మే. నన్నే బొమ్మని రాయమన్నా కిక్కురుమనకుండా రాసి, సుంకం కట్టి, నన్ను నేను ఇంటికి తెచ్చుకుంటాను.